మా తీరు పుస్తకాల చివరి పేజీలు

పుస్తకాల్లో మాలాంటి ఆడవాళ్లు ఎక్కువమంది సుఖంగానే బతుకుతారని నేను కొన్నేళ్లపాటు గట్టిగా నమ్మాను. ఊరికే నమ్మలేదు, లెక్క కట్టి నమ్మాను. ఊరికే నమ్మినవాళ్లకు ఎవరైనా నచ్చజెప్పవచ్చు. లెక్క కట్టి నమ్మినవాళ్లకు దేవుడు దిగివచ్చినా నచ్చజెప్పలేడు.

మాలాంటి అంటే, ఆడమనిషి మీద మనసుపడే ఆడవాళ్లు. అప్పట్లో మా గోదావరిఖనిలో దానికి పేరు లేదు. ఉందేమో, మాకు తెలియదు. మేమిద్దరం దాన్ని "మన తీరు" అనుకునేవాళ్లం. అలాంటి మనుషులు కనబడే పుస్తకం "మన తీరు పుస్తకం".

ఇద్దరం అంటే నేనూ, నాతోపాటు గని ల్యాంపు రూములో పనిచేసే ఆమె. నా భర్త గనిలో కార్మికుడు. పెళ్లైన కొద్దికాలానికే కామెర్లతో పోయాడు. ఆయన బదులు కంపెనీ నాకు గనిలోకి దిగనక్కర్లేని పైపని ఇచ్చింది. ఆమెకు తండ్రి తర్వాత ఆ ఉద్యోగం వచ్చింది. కట్టుకున్నవాడితో కుదరక, పెద్దమనుషుల్లో కూర్చుని విడిపోయి వచ్చిన మనిషి. ఒంటరి ఆడవాళ్లం కాబట్టి ఇద్దరికీ కలిపి ఒకే క్వార్టరు ఇచ్చారు. పడుకునే అర్ర ఒకటి, ఒక వంటిల్లు, వరస చివర నీళ్లకు అందరికీ కలిపి ఒక నల్లా.

కిందికి దిగే మనిషికి తలకు తగిలించుకునే దీపం ఇవ్వడం, పైకి వచ్చాక తీసుకుని చార్జింగుకు పెట్టడం మా పని. షిఫ్టు దిగిపోయాక ఏ దీపం చోటు ఖాళీగా ఉంటే ఆ మనిషి ఇంకా గనిలోనే ఉన్నట్టు. అందుకని లెక్క తప్పకూడదు. నాది తప్పేది కాదు. బడికి పోలేదు గానీ, చిన్నప్పుడు మా ఊళ్లో బీడీలు చుడుతూ, కట్టలు కట్టలుగా ఎంచుతూ లెక్క నేర్చుకున్నాను. చదువు మాత్రం రాలేదు. అంకెలు తెలుసు, అక్షరాలు తెలియవు. ఆమెది ఏడో తరగతి చదువు. అక్షరాలు గడగడా వచ్చు, లెక్కంటే భయం. ఇద్దరినీ కలిపితే ఒక గుమాస్తా అవుతాడని ల్యాంపు రూము మేస్త్రీ నవ్వేవాడు.

మధ్యాహ్నం అన్నాలప్పుడు ఖాళీ బ్యాటరీ పెట్టెల మీద కూర్చుని ఆమె నాకు పుస్తకం చదివి వినిపించేది. బస్టాండు దగ్గర ఒక చాచా నడిపే అద్దె పుస్తకాల దుకాణం ఉండేది. అక్కడినుంచి తెచ్చేది. మొదటిది డిటెక్టివు నవల. కొండల మీద బంగళా, అందులో ఒక జమీందారిణి, ఆమెకు తోడుగా ఉండే ఒక పిల్ల. జమీందారు హత్య. డిటెక్టివు పైపు వెలిగించి ఆ ఇద్దరు ఆడవాళ్ల మధ్య ఏదో ఉందని కనిపెడతాడు. ఏముందో రచయిత చెప్పలేదు గానీ, వాళ్లు ఒకరి జడ ఒకరు వేసుకునే పేజీ దగ్గర నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"గట్ల గూడ ఉంటరానె?" అని అడిగాను.

"పుస్తకంల ఉన్నరంటె యాడనో ఒక కాడ ఉన్నట్టే గద," అంది ఆమె, నా వైపు చూడకుండా.

ఆఖర్లో డిటెక్టివు వాళ్లను పోనిచ్చాడు. ఇద్దరూ వేరే ఊరు వెళ్లి, ఇంట్లోనే నల్లా ఉన్న రెండు అర్రల ఇల్లు తీసుకున్నారు. హత్య చేసింది వాళ్లు కాదేమోనని నేను సర్దుకున్నాను.

ఆ తర్వాత మేము వెతకడం మొదలుపెట్టాం. మన తీరు పుస్తకం అట్ట మీద మన తీరు పుస్తకం అని రాసి ఉండదు. గుర్తులు పట్టుకోవాలి. హాస్టల్ అని ఉంటే ఆశ. నర్సులుంటే ఇంకొంచెం ఆశ. అట్ట మీద ఇద్దరు ఆడవాళ్లుంటే తెచ్చేసేవాళ్లం. తీరా చూస్తే సవతులు. ఇంకోసారి అత్తాకోడళ్లు. ఇంకోసారి కవలలు, ఒకరు మంచి, ఒకరు చెడ్డ. ఇద్దరు ఆడవాళ్ల స్నేహం ఉన్న కథలు కావాలని చాచాను అడిగితే, బాగా ఆలోచించి, రెండు ఉడతలు స్నేహం చేసే పిల్లల పుస్తకం ఇచ్చాడు. అదీ చదివాం. ఉడతలు మన తీరువేనా కాదా అన్న విషయం ఇప్పటికీ తేలలేదు.

అయినా దొరికాయి. హాస్టల్లో ఒకే గదిలో ఉండే ఇద్దరు కాలేజీ పిల్లల సాంఘిక నవల ఒకటి. మగవేషం వేసి యుద్ధం గెలిచి, ఇంకో రాకుమారిని పెళ్లాడిన రాకుమారి జానపదం ఒకటి. రష్యా నుంచి తెలుగులోకి వచ్చిన లావుపాటి పుస్తకంలో ఇద్దరు యంత్రశాల పిల్లలు చలికాలమంతా ఒకే కోటు కప్పుకుంటారు. అందులో ప్రేమ అన్న మాటే రాలేదు, అయినా మేము దాన్ని రెండుసార్లు అద్దెకు తెచ్చుకున్నాం. ఒక డాక్టరు రాసిన సందేహాలు, సమాధానాల పుస్తకంలో "నాకు నా స్నేహితురాలిని చూడకుండా ఉండబుద్ధి కాదు" అని ఒక పిల్ల అడిగింది. దిగులు పడవద్దు, ఆకుకూరలు బాగా తిను, అని డాక్టరు జవాబు. నేను ఆ ఏడాదంతా తోటకూర తిన్నాను. దయ్యం నవల కూడా ఒకటి ఉండేది. పాడుబడ్డ కోటలో ఒక ఆడదయ్యం తన పాత స్నేహితురాలి కోసం తిరుగుతుంటుంది. ఆఖర్లో ఆమె కూడా చచ్చి దయ్యమై, ఇద్దరూ కోటలో హాయిగా ఉంటారు.

ప్రతి పుస్తకం అయిపోగానే మనసులో ఒక పద్దు వేసుకునేదాన్ని. కలిసి ఉన్నవాళ్లు ఇటు, విడిపోయినవాళ్లు, పోయినవాళ్లు అటు. ఎప్పుడు చూసినా ఇటే బరువు. రాకుమారి కూడా రాజ్యం తమ్ముడికి అప్పగించి, తన భార్యతో ఇంట్లో నల్లా ఉన్న రెండు అర్రల ఇంటికి మారింది. రష్యాలో ఆ యంత్రశాల పిల్లల పెరట్లో కరివేపాకు చెట్టు ఉండేది. ల్యాంపు రూములో రెండు దీపాలకు ఒకే నంబరు కనబడితే ఎవరో పొరపాటు చేశారని వెంటనే పట్టేదాన్ని. పుస్తకాల్లో అన్ని ఊళ్లలో, అన్ని కాలాల్లో ఒకే ఇల్లు కనబడితే మాత్రం, సుఖమంటే లోకమంతా ఒకటే కదా అనుకుని తృప్తి పడ్డాను.

ఇలా ఉండగా మా మరిది వచ్చాడు. నా భర్త తమ్ముడు. చెడ్డవాడు కాదు. పొలంలో బావి ఎండిపోయి, ఉద్యోగం కోసం తిరుగుతున్నవాడు. వరండాలో కూర్చుని, చాయ్ తాగి, మెల్లగా మొదలుపెట్టాడు.

"వదినె, ఒక్కదానివి గీ బొగ్గుల ఎన్నొద్దులుంటవ్? కాసిపేటల ఒకాయన ఉన్నడు. పెండ్లాం పోయింది, ఇద్దరు పిల్లలు. శానా మంచోడు. తాగుడు గూడ పండుగలకే."

"నెలకెన్ని పండుగలొస్తయి ఆయనకు?"

"అగో, మల్ల లెక్క! నీ మంచికే జెప్తున్న. నువ్వు మనువాడి పోతె, గీ నౌకరీ నా పేరు మీదికి మారుస్తరట. కాయితం రాయించిన. నువ్వొక వేలిముద్ర ఎయ్యాలె, గంతే. మల్ల ఐతారం వస్త. సోంచాయించుకో."

పోయాక లెక్కకు కూర్చున్నాను. పుస్తకాల్లో మన తీరు జంటల్లో ముప్పాతికమంది సుఖంగా ఉన్నారు. మా వరసలో కాపురాలు చేస్తున్న మొగుడూ పెళ్లాల్లో సగంమందైనా అలా లేరు. గోడలు పల్చన, అన్నీ వినబడతాయి. కాబట్టి ఉండిపోవడమే లాభం. ఇంత సులువైన లెక్కకు మరిది ఆదివారం దాకా గడువివ్వడం నాకు నవ్వు తెప్పించింది. సాయంత్రం ఆమె నీళ్లు తెచ్చి బిందె దించుతుంటే లెక్కంతా చెప్పాను.

ఆమె సంతోషిస్తుందనుకున్నాను. ముఖం మాడిపోయింది.

"పుస్తకాలు జూసి బతుకుతరానె ఎవలన్న?" అంది.

"మల్ల దేన్ని జూడాలె? మన తీరోళ్లు బయట ఎవ్వలు కనవడరాయె. ఉన్నయి గవ్వే గద."

"గది కాదె…" అని ఏదో అనబోయి, బిందె మీద మూత పెట్టింది. మరునాడు పెద్దపల్లిలో అక్క కాన్పుకని సెలవు పెట్టి బస్సెక్కింది. శనివారం వస్తానని చెప్పింది.

ఆమెకు తెలియకుండా నేనొక పని చేస్తూ ఉన్నాను. ఆమె వేలు పెట్టి చదువుతుంటే పక్కనుంచి చూసి అక్షరాలు పోల్చుకుంటున్నాను. దుకాణాల బోర్డులు, గని గోడల మీది హెచ్చరికలు కూడబలుక్కుని చదివే దాకా వచ్చాను. ఒకరోజు హఠాత్తుగా ఒక పేజీ చదివి ఆమెను ఆశ్చర్యపరచాలని ఉబలాటం. ఆమె ఊళ్లో లేని ఈ నాలుగు రోజులూ సాధన చేద్దామని ఆ మొదటి డిటెక్టివు నవలే మళ్లీ తెచ్చాను. తెలిసిన కథ కాబట్టి, అక్షరం తప్పితే కథే సరిదిద్దుతుంది. ఇదీ నా తెలివి.

ఏ లెక్కైనా ముందు అడుగున మొత్తం చూసి, తర్వాత పైకి వెళ్లడం నా అలవాటు. అందుకని చివరి పేజీ తీశాను. ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి కదులుతుంటే, జమీందారిణి, ఆ పిల్ల చేతులు పట్టుకుని లోయలోకి దూకారని వచ్చింది. నాకు చదవడం రాలేదనుకున్నాను. మళ్లీ మొదటినుంచి వచ్చాను. మళ్లీ దూకారు. ఆ పేజీలో నల్లా అన్న మాట కోసం వెతికాను. పుస్తకాల్లో కుళాయి అని రాస్తారేమోనని అదీ వెతికాను. రెండూ లేవు.

ల్యాంపు రూములో వెలగని దీపం వస్తే, దాని మీద సుద్దతో ఇంటూ గుర్తు పెట్టి రిపేరుకు పంపుతాం. నేను పుస్తకం అట్ట మీద సుద్దతో ఇంటూ పెట్టి చాచా దుకాణానికి పట్టుకుపోయాను.

"చాచా, గీ పుస్తకం ఖరాబున్నది."

చాచా ఆ గుర్తును చూసి ఉలిక్కిపడ్డాడు. "అరె, పుస్తకం మీద సుద్దేంది బిడ్డా? ఏమైంది దీనికి?"

"ఆఖరి పేజీ వేరే పుస్తకంది కుట్టిండ్రు."

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని పేజీ తిప్పి పైకి చదివాడు. బస్సు కోసం నిలబడ్డ ఇద్దరు ముగ్గురు కూడా విన్నారు. "ఇద్దరు లోయల దుంకిండ్రు. సచ్చిండ్రు. డిటెక్టివు టోపీ తీసిండు. ఖతం. సక్కగనే ఉన్నది గద."

"సావలే చాచా. వేరే ఊరు వోయిండ్రు. రెండర్రల ఇల్లు తీసుకున్నరు. ఇంట్లనే నల్లా ఉన్నది."

"ఎవలు జెప్పిండ్రు నీకు?"

"మా ఆమె సదివింది."

చాచా కళ్లద్దాల పైనుంచి నన్ను చాలాసేపు చూశాడు. తర్వాత తన భుజం మీది రుమాలుతో అట్ట మీది సుద్ద మెల్లగా తుడిచాడు.

"మీ ఆమె సదివింది మంచిగున్నది బిడ్డా. గీ రాసినాయన రాసిందానికంటె మంచిగున్నది. కని గా పుస్తకం నా కాడ లేదు."

అప్పటికీ నాకు వెలగలేదు. అన్ని పుస్తకాలూ చూస్తానంటే చాచా స్టూలు ఇచ్చి కూర్చోబెట్టాడు. ఒక్కొక్కటే తీసి చివరి పేజీలు కూడబలుక్కున్నాను. హాస్టలు పిల్లల్లో ఒకరు క్షయతో రక్తం కక్కుకుని పోయింది, రెండోది ఆ పిల్ల అన్నను పెళ్లి చేసుకుంది. రాకుమారిని ముని మగవాడిగా మార్చాడు. రష్యా పిల్ల యుద్ధంలో తూటా తగిలి పడిపోయింది, కోటు రెండోదానికి మిగిలింది. డాక్టరు ఆకుకూరల ఊసే ఎత్తలేదు. ఇది మనోవ్యాధి, చన్నీళ్ల స్నానం చేయించి వెంటనే పెళ్లి చేయండి, అన్నాడు. ఉన్నది ఉన్నట్టు ఉన్నది దయ్యాల నవల ఒక్కటే. చచ్చాక కలిసి ఉంటారు కాబట్టి దాన్ని మార్చాల్సిన అవసరం ఆమెకు రాలేదు.

నేను కట్టిన లెక్కంతా ఆమె కల్పించిన పద్దుల మీద కట్టింది. ఇక అసలు పద్దులతో చూస్తే, మన తీరులో బతికి బాగుపడ్డవాళ్లే లేరు. కాసిపేటాయన పండుగలన్నీ కలిపినా దీనికంటే నయం. ఐతారం ఎల్లుండే.

శనివారం మధ్యాహ్నం ఆమె పెద్దపల్లి నుంచి వచ్చింది. సంచీ దించకముందే, చాచా దగ్గర మళ్లీ అద్దెకు తెచ్చుకున్న డిటెక్టివు నవల చివరి పేజీ తీసి, వేలు పెట్టి, తడబడుతూ చదివాను. ఆశ్చర్యపరచాలని ఎంత అనుకున్నానో అంతా అయింది. లోయ దగ్గరికి వచ్చేసరికి ఆమె గోడకు ఆనుకుని కింద కూర్చుంది.

"ఎప్పుడు నేర్చుకున్నవే?"

"గది తర్వాత. ఎందుకు గట్ల సదివినవ్?"

"మొదాటిది ఉన్నది ఉన్నట్టే సదువుదామనుకున్న. ఆఖరి పేజీ కాడ నీ మొఖం జూసిన. ముద్ద చేతుల వట్టుకోని, నోరు తెర్సుకోని కూసున్నవ్. నేనెట్ల సంపాలె వాళ్లను?"

"మల్ల మిగిలినయి?"

"ఒకదాన్ల బతికిచ్చినంక ఇంకోదాన్ల ఎట్ల సంపుత? నువ్వు లెక్క వెడుతుంటివాయె. నాకేమెరుక, గా లెక్క మీద బతుకు వెడ్తవని." సంచీ పక్కకు జరిపింది. "జెప్దామనుకుంట మొన్న నోరు తెరిసిన. జెప్తె నువ్వు కాసిపేటకు వోతవని భయమైంది. జెప్పకపోతె అబద్దం మీద ఉంటవని గూడ భయమైంది. అందుకే బస్సెక్కిన."

"రష్యాల కరివేపాకేందే?"

"మన పెరట్ల లేదు గద, గందుకే వెట్టిన." ఇద్దరికీ నవ్వు వచ్చింది, ఆమె ముందు ఆపింది. "లెక్క తిరగవడ్డది. పోతవా?"

లెక్క లేకుండా జవాబు చెప్పడం నాకు అలవాటు లేదు. ఆమె లేచి చీపురు తీసుకుని, అప్పటికే ఊడ్చి ఉన్న అర్రను మళ్లీ ఊడ్చింది.

ఐతారం పొద్దున మరిది కాయితం, ముద్ర వేసే సిరా డబ్బా పట్టుకుని దిగాడు. ఆమె వంటింట్లో బొగ్గుల పొయ్యి మీద అన్నం పెట్టింది. నేను వరండాలో చాప వేశాను.

"ఏమన్నవ్ వదినె? లెక్క చూసినవా?"

"చూసిన."

"ఏమొచ్చింది?"

"కాసిపేటాయనే లాభమని వచ్చింది."

మరిది ముఖం వెలిగిపోయింది. సిరా డబ్బా మూత తీశాడు. నేను నా బొటనవేలు చూసుకున్నాను. బ్యాటరీ ద్రావకం పడి పడి గీతలు సగం చెరిగిపోయిన వేలు. దాన్ని మడిచి ఒళ్లో పెట్టుకున్నాను.

"కని పోను."

"గదేంది? లాభమంటివి గద!"

"లాభమే. పోను."

"మల్ల ఏం జూసుకోని ఉంటవ్ ఈడ?"

దేన్ని చూసుకుని ఉంటానో చెప్పడానికి నా దగ్గర ఒక్క ఉదాహరణ లేదు. రెండు రోజులుగా వెతికాను, రష్యా దాకా పోయి వెతికాను. "ఏం లేదు. ఉంట, గంతే," అన్నాను. జీవితంలో నేను చెప్పిన అతి బలహీనమైన కారణం అదే. దానిమీద ఎవరు ఎంత వాదించినా విరగలేదు, విరగడానికి అందులో ఏమీ లేదు కాబట్టి.

మరిది నన్ను అనుమానంగా చూశాడు. ఇంటికి చాకలి బట్టలొచ్చినా ఎంచి తీసుకునే వదినె నష్టమని తెలిసి ఒప్పుకోవడం ఆయన ఎన్నడూ చూడలేదు. "నీ పానం మంచిగ లేనట్టున్నది వదినె. దవాఖానకు పోదాం నడు," అన్నాడు. నిజంగానే దిగులుపడ్డాడు. వచ్చే నెల మళ్లీ వస్తానని, అప్పటిదాకా మంచిగా తినమని చెప్పి సైకిలెక్కాడు. ఆ తర్వాత కూడా చాలా నెలలు వచ్చాడు, చివరికి రామకృష్ణాపూర్‌లో కాంట్రాక్టు పని దొరికి ఆ కాయితం సంగతి వదిలేశాడు.

లోపలికి పోతే వంటిల్లంతా పొగ. ఆమె తలుపు చాటున నిలబడి ఉంది, చేతిలో గరిటె అలాగే ఉంది. వింటూ వింటూ పొయ్యి సంగతి మరిచిపోయింది. గిన్నె దించి చూస్తే అడుగంతా నల్లగా మాడింది.

"మాడిన అన్నం తింటవా?" అంది.

"పై పొర తీసి ఇద్దరికి వెయ్యి," అన్నాను.